ఐదు మీద ఆగిన శ్రుతిపెట్టె

నాకు సంగీతం రాదు. ముందే చెప్పేస్తున్నాను. అయినా సంగీతం మీద అభిప్రాయాలు చెప్పడానికి సంగీతం రావాలని మైదుకూరులో ఎవరూ అనుకోరు. పెళ్ళయి అక్కడికి వెళ్ళాక నేనూ అనుకోవడం మానేశాను. మా పుట్టిల్లు కర్నూలు. మా ఇంట్లో పాటంటే రేడియో. అది వంటింటి గూట్లో ఉండేది, ఇష్టమైతే వినేవాళ్ళం, లేకపోతే కట్టేసేవాళ్ళం. అత్తవారింట్లో అలా కట్టేయడానికి వీల్లేదు. అక్కడ పాడేవాళ్ళు భోజనానికి మన పక్కనే కూర్చుంటారు.

మా అత్తవారిది ఎరువులు, పురుగుమందుల అంగడి. ముందు అంగడి, వెనక ఇల్లు, మధ్యలో ఒక తలుపు. ఆ తలుపు మూసిన పాపాన ఎవరూ పోలేదు కాబట్టి వంటింట్లో గిన్నె పడితే అంగట్లో రైతు ఉలిక్కిపడేవాడు. మా మామ గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే ఆయన వెనక యూరియా బస్తాల మీద, పాత దుప్పటి చుట్టుకుని హార్మోనియం కూర్చునేది. ఏళ్ళ తరబడి అక్కడే ఉండి ఉండి దానికి మందుల వాసన పట్టేసింది. ఆయన తిత్తి లాగాడంటే ముందు వాసన వచ్చేది, తర్వాత స్వరం వచ్చేది.

మా అంగళ్ళ వీధికి ఒక భజన మండలి ఉంది. శనివారం సాయంత్రం రామాలయంలో భజన. హార్మోనియం మా మామ, డోలక్ వాచీలు బాగుచేసే సాయిబు. మగవాళ్ళు ముందు, ఆడవాళ్ళం వెనక. మా అందరిలో పెద్ద గొంతు మా అత్తది. నిజంగా మంచి గొంతు. అంత మంచి గొంతున్న మనిషి ఎత్తుకున్న పాటను చివరిదాకా పాడగా ఆ ఊళ్ళో ఎవరూ వినలేదు.

దానికి కారణం మా మామ శ్రుతి. నాకర్థమైనంతవరకు చెప్తాను. పాటకు శ్రుతి అంటే నిచ్చెన కాలు ఎక్కడ ఆనించాలన్నది. మగగొంతులకు ఒకటో శ్రుతి హాయిగా ఉంటుంది, ఆడగొంతులకు ఐదో శ్రుతి. మా మామకు ఒకటో శ్రుతి తప్ప ఇంకోటి రాదు. చిన్నప్పుడు నేర్పినాయన ఆ మెట్టు మీద వేళ్ళు పెట్టించాడు, ఆ వేళ్ళు మళ్ళీ జరగలేదు. ఆ మాట ఆయన ఒప్పుకుంటాడా? రాముడికి ఒకటో శ్రుతే ఇష్టమని చెప్పేవాడు. అందుకని మా అత్త పాట ఎత్తుకుంటే పల్లవి బాగానే నడిచేది. చరణంలో పాట పైకెక్కేసరికి ఆమె గొంతు కీచుమని తెగిపోయేది. అదే అదనని మా మామ, ఆయన వెనక మగవాళ్ళూ ఆ చరణాన్ని అందుకుని, పందెం గెలిచినట్టు పాడుకుంటూ పోయేవాళ్ళు. మా అత్త తలవంచుకుని తాళాలు వేస్తూ కూర్చునేది.

ఏటా శ్రీరామనవమి ఉత్సవాలకు మా మండలి ఒంటిమిట్ట వెళ్ళి కోదండరాముడి గుళ్ళో పాడేది. అక్కడ మా అత్త ఎత్తుకునే పాట ఒకటే. అది వాళ్ళమ్మ ఆమెకు నేర్పిన కీర్తన. ఏటా ఆ పాటే, ఏటా చరణం దగ్గర అదే అవస్థ. నేను వెళ్ళిన మొదటి ఏడు, మా పక్కన కూర్చున్న పరాయి ఊరి ఆవిడ ఎవరో, పాపం ఈమెకు గొంతు లేదు, అయినా భక్తి చూడండి అని మెచ్చుకుంది. ఆ మెచ్చుకోలు మా అత్త చెవిన పడింది. మరునాడు కందిపప్పు చెరుగుతూ, చాట దించకుండానే నాతో అంది.

"ముప్పై ఏండ్లుగా పల్లవి పాడి గమ్మున కూచుంటాండా. చరణం మా యమ్మ నాకు చెప్పిచ్చింది మ్మే, ఆయనకు కాదు. ఆ కోదండరాముడి ముందర ఒక్కసారి కడదాకా పాడాల. పాడినాక గొంతు పోతే పోనీ."

నాకు ఒళ్ళు మండింది. మామ మీదా, ఆ పరాయి ఊరి ఆవిడ మీదా, ముప్పై ఏళ్ళు నోరెత్తని మా అత్త మీదా మండింది. మిగతా విషయాల్లో ఆమె నోటికి హద్దే లేదు మరి. పప్పులో ఉప్పు ఒక పలుకు ఎక్కువైతే నా పుట్టింటిదాకా వెళ్ళొచ్చేది. శ్రుతి దగ్గరికి వచ్చేసరికి మాత్రం, ఆయన పెద్దాయన, పోనీలే అనేది. నేను మా అన్నకు ఫోన్ చేశాను. మా అన్న బెంగళూరులో ఉంటాడు. హార్మోనియం లేకుండా ఆడవాళ్ళు శ్రుతి పెట్టుకోవడానికి ఏదైనా దొరుకుతుందా అని అడిగాను. ఆ మధ్య బ్యాటరీలతో నడిచే శ్రుతిపెట్టెలు వచ్చాయని, తనే తెస్తానని అన్నాడు.

ఎండాకాలం సెలవులకు వస్తూ తెచ్చాడు. తెల్లటి ప్లాస్టిక్ పెట్టె, పిల్లల టిఫిన్ డబ్బా అంత. ముందు వైపు జల్లెడలాగా చిల్లులు, వాటి వెనక స్పీకరు. పక్కన రేడియోకున్నట్టు తిప్పే గుండీలు రెండు, ఒకటి శబ్దానికి, ఇంకోటి శ్రుతికి. శ్రుతి గుండీ చుట్టూ అంకెలు. వెనక నాలుగు దొడ్డు సెల్లులు వేస్తే తంబురాలాగా మోగడం మొదలుపెడుతుంది, ఆపితేగానీ ఆగదు. మా అత్త వేలి కొసతో గుండీని ఒకటి నుంచి మెల్లగా తిప్పుకుంటూ పోయింది. ఐదు దగ్గర ఆగింది. కళ్ళు మూసుకుని గొంతు కలిపింది. కలిసింది. కళ్ళు తెరిచి నన్ను చూసి, ఇంత చిన్న దానికా నేను ఇన్నాళ్ళు ఏడ్చింది అంది.

రెండు రోజుల్లో వీధి వీధంతా మా వంటింట్లో ఉంది. ఎదురింటావిడ దాన్ని దోమల మిషన్ అనుకుంది. ఎంతసేపు మోగితే దోమలు పోతాయని అడిగింది. సంగీతానికని చెప్తే, మరి పాట ఏదని అడిగింది. పాట మనం పాడుకోవాలి, అది శ్రుతి మాత్రమే ఇస్తుందని చెప్పాను. పాడేది కూడా మనమే అయితే దానికి సెల్లులు వేయడం ఎందుకని ఆవిడ ప్రశ్న. గుడి పూజారికి మడి సందేహం వచ్చింది. ప్లాస్టిక్‌కు మైల ఉంటుందా ఉండదా అని చాలాసేపు ఆలోచించి, తోలు డోలక్‌ను ఇన్నేళ్ళుగా లోపలికి రానిస్తున్నాం కదా, ఇది పాపం ఏ జంతువునూ చంపలేదు, రానీయండి అని తీర్పు చెప్పాడు.

సాయిబు వచ్చి పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశాడు. వాచీలు చూసి చూసి ఆయనకు ఏ వస్తువునైనా వెనకనుంచి చూడటం అలవాటు. అక్కా, ఇది టీ అడగదు, బీడీకని మధ్యలో లేచిపోదు, కూతురి పెళ్ళని మానుకోదు, ఇట్లాంటిది డోలక్కు కూడా వస్తే నా గతేందని మా అత్తను అడిగాడు. మా అన్న నోరు ఊరుకోకుండా, తబలా మోగించే పెట్టెలు కూడా వచ్చాయి, తాళం పెట్టెలు కూడా వచ్చాయని చెప్పాడు. సాయిబు ముఖం మాడిపోయింది. టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. తర్వాత ఈ పెట్టె వారానికి నాలుగేసి సెల్లులు తింటుందని, మైదుకూరులో ఆ దొడ్డు సెల్లులు ఆయన అంగట్లోనే దొరుకుతాయని తెలిశాక ఆయన అభిప్రాయం మెత్తబడింది.

మెత్తబడనిది మా మామ ఒక్కడే. మొదటి రోజు పెట్టెను చూడనే లేదు. రెండో రోజు చూసి, చూడనట్టు పోయాడు. మూడో రోజు కరెంటు పోయింది. చీకట్లో పెట్టె మోగుతూనే ఉంది. కరెంటు లేకపోయినా పాడుతుంది చూడు మామా అన్నాను, కావాలనే. ఆయన అంగట్లోంచే, కరెంటు పోతే నేను ఎన్నడన్నా పాడటం ఆపినానా అని అడిగాడు. అది నిజమే. ఆయన్ని ఆపడం కరెంటు వల్ల కూడా అయ్యేది కాదు.

ఆయన కోపం ఉత్త కోపం కాదు, దానికో లెక్క ఉంది. ఒకసారి భోజనం దగ్గర చెప్పాడు. "హార్మోనియం ఊపిరి పీల్చుకుంటాది. తిత్తి నిండేదాకా ఆగుతాది, మనం గూడా ఆగుతాం. ఈ డబ్బా ఊపిరి పీల్చుకోదు. ఊపిరి పీల్చుకోనిదాని పక్కన కూచోని మనిషి ఎట్ల పాడాల?" నాకు ఆ మాట నచ్చింది. నచ్చిందని చెప్పలేదు, మజ్జిగ పోసి ఊరుకున్నాను. అత్తాకోడళ్ళం అప్పటికి ఒక పక్షం, ఆయనొక పక్షం. మా ఆయన ఏ పక్షమూ కాదు. అన్నం ముద్ద నోట్లో ఉన్నంతసేపూ ఆయనకు ఏమీ వినపడదు.

భజనలోకి మాత్రం పెట్టెను రానివ్వలేదు. మండలికి పెద్ద ఆయనే, ఆయన మాటే చెల్లింది. పెట్టె మా వంటింట్లోనే, బియ్యం డ్రమ్ము మీద ఉండిపోయింది. మా అత్త తీరిక దొరికినప్పుడల్లా దాన్ని పెట్టుకుని పాడుకునేది. శనివారం గుళ్ళో మళ్ళీ ఒకటో శ్రుతి, మళ్ళీ పల్లవి, మళ్ళీ తాళాలు.

దసరా వచ్చింది. మా అంగట్లో ఆయుధపూజ అంటే పెద్ద హడావిడి. మా మామ పట్టుపంచె కట్టుకుని కాటాకు బొట్లు పెట్టాడు, తూకం రాళ్ళకు పెట్టాడు, స్కూటరుకు పెట్టాడు, క్యాలిక్యులేటరుకు పెట్టాడు, బస్తాలు కుట్టే దబ్బనానికి పెట్టాడు, మందు కొట్టే పంపుకు పెట్టాడు. హార్మోనియానికి గంధం, పసుపు, కుంకుమ, పైన ఒక చామంతి దండ. కాగితాలు గుచ్చే స్టేప్లరుకు కూడా బొట్టు పడింది. మా అత్త చేతిలో శ్రుతిపెట్టె పట్టుకుని నిలబడి ఉంది. ఆయన హారతి పళ్ళెం అందుకుని పెట్టెను దాటిపోయాడు.

స్టేప్లరుకున్నపాటి మర్యాద దీనికి లేదా అని మా అత్త అడిగింది. స్టేప్లరు పని చేస్తుంది, నువ్వు పాడితే అది పక్కన కూర్చుని గుయ్యిమంటుంది, దానికి పూజ ఎందుకన్నాడు. ఆమె వంటింట్లోకి వచ్చి కత్తిపీట, మిక్సీ, రుబ్బురోలు వరుసగా పెట్టి, మధ్యలో పీట వేసి పెట్టెను పీట మీద కూర్చోబెట్టింది. ఆ రోజు మా వంటింట్లో జరిగిన ఆయుధపూజ అంగట్లో కూడా జరగలేదు. పసుపు ముద్ద చేసి గుండీల చుట్టూ గోడకు సున్నం కొట్టినట్టు పట్టించింది. దాని మీద కుంకుమ. తర్వాత గుప్పిట నిండా అక్షింతలు తీసుకుని, మొగుడి మీద కోపమంతా కలిపి, పెట్టె మీద మూడుసార్లు చల్లింది. అక్షింతలు ఆ చిల్లుల్లోంచి నేరుగా స్పీకరులోకి దిగాయి.

సాయంత్రం పెట్టె పెడితే తంబురా వెనక గలగలమని ఒకటే మోత. ఎదురింటావిడ విని, అబ్బ, గజ్జెలు కూడా వచ్చాయే, ఇప్పుడు బాగుంది అంది. సాయిబును పిలిపించాం. ఆయన వెనక మరలు విప్పి, పెట్టెను తలకిందులు చేసి తట్టాడు. పసుపు బియ్యం రాలింది. "సెల్లులు చాలవని అన్నం గూడా పెడ్తాండావా అక్కా?" అన్నాడు. నవ్వి నవ్వి నాకు కడుపు నొప్పి పుట్టింది, మా అత్తకు కోపం వచ్చింది. పోతూ పోతూ సాయిబు ఆ గుండీ చుట్టూ ఉన్న పసుపు తుడిచేయమని, ఆరితే బిగుసుకుపోయి గుండీ తిరగదని చెప్పి వెళ్ళాడు. మా అత్త తుడవలేదు. ఉండేది ఐదు మీదే కదా, ఇంక దాన్ని ఎవరికోసం తిప్పాలి అంది. ఈ మాట అంగట్లోకి కూడా వినపడే ఉంటుంది. మా ఇంట్లో వినపడనిదంటూ లేదు.

చలికాలం పోయి ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం. పొలాల పనులు తగ్గి అంగట్లో పెద్దగా జనం లేరు. మా అత్త వంటింట్లో పెట్టె పెట్టుకుని వాళ్ళమ్మ కీర్తన ఎత్తుకుంది. నేను మామకు మజ్జిగ ఇవ్వడానికి అంగట్లోకి పోయాను. ఒక రైతు మిరపకు ముడత వచ్చిందని, ఏ మందు కొట్టాలో చెప్పమని అడుగుతున్నాడు. లోపల పాట చరణంలోకి వెళ్ళింది. మా మామ చెయ్యి కాటా మీద అలాగే ఆగిపోయింది. ఉండప్పా రోంతసేపు అని రైతును ఆపి, తలుపు వైపు చూస్తూ నిలబడ్డాడు. చరణం పైకెక్కింది. గొంతు తెగలేదు. అలవోకగా పైన తిరిగి, కిందికి దిగి పల్లవిలో కలిసింది. మజ్జిగ గ్లాసు పట్టుకుని నేనూ, మిరపాకు పట్టుకుని ఆ రైతూ నిలబడే ఉన్నాం.

మామ నా వైపు తిరిగి, అంగట్లోకి వినపడుతుందని మీ అత్తకు చెప్పు అన్నాడు. ముఖం గంభీరంగా పెట్టాడు. బేరం చెడిపోతున్నదని విసుక్కున్నాడనుకున్నాను. లోపలికి పోయి ఆ మాటకు కొంచెం ఉప్పూ కారం తగిలించి మా అత్తకు చెప్పాను. ఆమె నిదానంగా విని, శబ్దం గుండీ ఇంకొంచెం పైకి తిప్పింది.

నవమి దగ్గరపడింది. ఒంటిమిట్ట ప్రయాణం మాటలు మొదలయ్యాయి. ఈసారి ఆడవాళ్ళందరూ ఒక్కటయ్యారు. శ్రుతిపెట్టె రాకపోతే మేమూ రామన్నారు. మగవాళ్ళు మొదట నవ్వారు. అయితే పులిహోర కూడా రాదని ఎదురింటావిడ చెప్పింది. ఒంటిమిట్టకు మా మండలి మోసుకుపోయే పులిహోర గంగాళం ఆ చుట్టుపక్కల మండళ్ళలో మా పాటకన్నా పేరున్నది. మగవాళ్ళ నవ్వు ఆగింది. ఒకరిద్దరు మా మామ దగ్గరికి వచ్చి, పెట్టెనే కదా, మూలన పడుంటుందిలే అని నచ్చజెప్పారు.

మూడో రోజు పొద్దున మామ కాఫీ తాగుతూ షరతు పెట్టాడు. పెట్టె రావచ్చు. కానీ తన హార్మోనియానికి తగ్గట్టు దాన్ని ఒకటో శ్రుతిలో పెట్టాలి. రెండు శ్రుతులతో ఒక భజన నడవదు. ఆడవాళ్ళు గెలిచామని సంబరపడ్డారు. మా అత్త సంబరపడలేదు. పెట్టె వచ్చి ఏం లాభం, శ్రుతి ఆయనదే అయినప్పుడు? ఇక ఈ ఏడు కూడా చరణం లేనట్టేనని నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఎదురు చెప్పు అత్తా, చెప్పకపోతే నేను చెప్తానన్నాను. వద్దంది. పండగపూట పదిమందిలో ఆయన్ను తక్కువ చేయనంది.

పెద్ద వ్యాను మాట్లాడుకుని, గంగాళాన్ని మధ్యలో కూర్చోబెట్టుకుని ఒంటిమిట్ట చేరాం. గుళ్ళో రాతిస్తంభాల మధ్య మండపంలో ఒకరి తర్వాత ఒకరు మండళ్ళు పాడుతున్నారు. మాకన్నా ముందు వంతు ఏదో ఊరి కుర్రవాళ్ళది. ఒళ్ళో పట్టేంత కీబోర్డు తెచ్చారు, అదీ బ్యాటరీదే. ఒక గుండీ నొక్కితే డోలక్, ఇంకోటి నొక్కితే తబలా, ఇంకోటి నొక్కితే ఏమిటో డబడబ. సాయిబు తన డోలక్‌ను ఒళ్ళోకి లాక్కుని, దాన్నే చూస్తూ కూర్చున్నాడు. పాట బాగానే ముగిసింది, కానీ ఆ డబడబ ముగియలేదు. వాయించిన అతను ఏది నొక్కితే ఆగుతుందో మర్చిపోయాడు. ఒకటి నొక్కితే వేగం పెరిగింది. ఇంకోటి నొక్కితే గుళ్ళో కోళ్ళు కూశాయి. హారతి ఇవ్వబోతున్న పూజారి పళ్ళెం పట్టుకుని ఆగిపోయాడు. ఆఖరికి ఒకాయన దాన్ని తలకిందులు చేసి సెల్లులు పీకేశాడు. మా మామ ముఖంలో ఆ రోజు మొదటిసారి వెలుగు కనపడింది. సాయిబు డోలక్‌ను మెల్లగా ఒళ్ళోంచి దించి, హాయిగా కాళ్ళు మడుచుకుని కూర్చున్నాడు.

మా వంతు వచ్చింది. మగవాళ్ళు ముందు సర్దుకున్నారు, మేం వెనక కూర్చున్నాం. మామ హార్మోనియం మీది దుప్పటి తీశాడు. పురుగుమందు వాసన కర్పూరం వాసనతో కలిసింది. వెనక్కి తిరిగి చెయ్యి చాపి, ఆ డబ్బా ఇటియ్యండి, ఒకటికి తిప్పాల అన్నాడు. మా అత్త పెట్టెను ఇచ్చేసింది. దసరా నాటి పసుపు గుండీ చుట్టూ ఇంకా పెచ్చులు కట్టి ఉంది. మామ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని గుండీ పట్టుకున్నాడు. తిప్పాడు. పళ్ళు బిగించి మళ్ళీ తిప్పాడు. నుదుటి మీద నరం లేచింది. పక్కనున్నాయన నేను చూస్తానుండు అని చెయ్యి చాపితే, విరిగిపోతుందని విదిలించాడు. తర్వాత తలెత్తి అందరికీ వినపడేలా చెప్పాడు.

"తిరగడంలేదప్పా. పసుపు పట్టి బిగుసుకపోయిండాది. ఐదు మీదనే నిలబడిపోయింది. ఏం జేస్తాం, ఈ పొద్దుకు అందులోనే పాడుకోండి."

నేను ఆ రోజే చెప్పినాను కదా సెట్టీ అని సాయిబు మామ మాట అందుకున్నాడు. మగవాళ్ళు గొణిగారు. ఐదులో మేమెట్ల పాడేదని ఒకాయన అడిగాడు. పాడలేకపోతే గమ్మునుండి వినమని మామ చెప్పాడు. హార్మోనియం మూత వేసి దుప్పటి మళ్ళీ కప్పాడు. ఐదులో వాయించడం ఆయనకు రాదు కదా. పెట్టెను మోగించి మా అత్త ముందు పెట్టి, ఆమె చేతిలోని తాళాలు తను తీసుకున్నాడు. మా అత్త ఆయన ముఖంలోకి చూసింది. ఆయన సాయిబు డోలక్ వైపు చూస్తున్నాడు.

ఆమె ఎత్తుకుంది. పల్లవి ఎప్పటిలాగే వచ్చింది. చరణం మొదలుకాగానే మగవాళ్ళు అలవాటుకొద్దీ అందుకోబోయారు, మామ మోచేత్తో పక్కనాయన్ని ఒక పోటు పొడిచాడు. ఆమె గొంతు పైకి పోయింది. కీచుమనలేదు, తెగలేదు. వాళ్ళమ్మ నేర్పినట్టే, ఎక్కడా తొందరపడకుండా, పైన నిలబడాల్సిన చోట నిలబడి, దిగాల్సిన చోట దిగింది. మధ్యలో ఒక చోట ఊపిరికోసం ఆగింది. పెట్టె ఆగలేదు, అది మోగుతూ ఆమెకోసం కాచుకుని ఉంది. నాకు కళ్ళవెంబడి నీళ్ళు కారిపోతున్నాయి. సంగీతం రానిదాన్ని, నాకెందుకు ఏడుపని నామీద నాకే చిరాకు వేసింది. ఇక మామ తాళమైతే దేవుడే వినాలి. ముప్పై ఏళ్ళు హార్మోనియం వాయించిన మనిషికి తాళాలు పట్టుకోవడం రాలేదు. ఒకటి ముందు, ఒకటి వెనక. సాయిబు ఆయన్ని డోలక్‌తో ఈడ్చుకుంటూ చివరిదాకా తెచ్చాడు. పాట అయిపోయాక, ఎవరమ్మా ఈమె, ఏ ఊరు అని వెనకనుంచి ఎవరో అడిగారు. ఎదురింటావిడ మైదుకూరు అని, ఇంకా చాలా చెప్పింది.

తిరుగు ప్రయాణంలో అందరూ పులిహోర గురించే మాట్లాడారు.

మరునాడు పొద్దున నాకు పట్టుదల వచ్చింది. అన్న అంత దూరం నుంచి తెచ్చిన పెట్టె, పసుపు పట్టి పాడైపోతే ఎలా అని కొబ్బరినూనె, పాత పళ్ళబ్రష్షు ముందు పెట్టుకుని కూర్చున్నాను. నూనె వేయకముందు ఎంత బిగుసుకుందో చూద్దామని గుండీ పట్టుకున్నాను. రెండు వేళ్ళతో తిరిగింది. ఒకటికి తిప్పాను, వచ్చింది. ఏడుకు తిప్పాను, పోయింది. రేడియో గుండీకన్నా సులువుగా తిరిగింది. నేను నోరు వెళ్ళబెట్టాను. యూరియా బస్తా కుట్లను వట్టి చేత్తో తెంపే మనిషి, నిన్న అంతమందిలో నుదుటి నరం లేచేదాకా తిప్పి, తిరగలేదన్నాడు.

పరుగెత్తుకుంటూ పోయి మా అత్తకు చెప్పాను. అత్తా, ఇది అసలు బిగుసుకోలేదు, మామ అబద్ధం చెప్పాడన్నాను. ఆమె దోసె తిరగేసి, అంగడి తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. ఆ ఇంట్లో ఆమె గొంతు తగ్గించడం నేను అదే మొదటిసారి వినడం.

"తెలుసులే. బండి ఎక్కకముందు నేనే ఒకటికి తిప్పి చూసుకుంటి. మనసొప్పక మళ్ళా ఐదుకు పెడ్తి."

మరి అక్కడ ఆయన తిరగడంలేదంటే నోరెత్తలేదేమని అడిగాను.

"నోరెత్తితే తిరుగుతాది కదా. ఆయప్ప నాకోసరం అంతమందిలో ఒక అబద్ధం చెప్పినాడు. దాన్ని నేను చెడగొట్టుకుంటానా? నువ్వూ నూనె ఆడ పెట్టేసి రా."

నూనె పెట్టేశాను. ఆ మధ్యాహ్నం మామ భోజనానికి కూర్చుని, ఆ గుండీ ఏమన్నా తిరిగిందా అని అడిగాడు, కూర కలుపుకుంటూ, మామూలుగా. లేదండీ, శానా గట్టిగా పట్టుకోనుండాది అని మా అత్త అన్నం వడ్డించింది. నాకు నవ్వు ఆగక పొలమారింది. మా ఆయన మంచినీళ్ళు ఇచ్చాడు, ఏం జరిగిందో ఆయనకు తెలియదు.

అప్పటినుంచి ప్రతి శనివారం భజనకు పెట్టె వెళ్ళేది. సగం పాటలు పెట్టె ఆపేసి ఒకటిలో, ఆయన హార్మోనియంతో. మా అత్త పాట వచ్చేసరికి ఆయన మూత వేసి, తాళాలు అందుకుని, ఈ పాడు డబ్బా ఐదు మీద బిగుసుకపోయిండాది, ఏం జేస్తామని మగవాళ్ళకు చెప్పేవాడు. తాళం ఎప్పటికీ కుదరలేదు. సాయిబు దానికీ అలవాటు పడ్డాడు.

మళ్ళీ దసరా వచ్చింది. మామ కాటాకు, రాళ్ళకు, క్యాలిక్యులేటరుకు, దబ్బనానికి, స్టేప్లరుకు, హార్మోనియానికి బొట్లు పెట్టాడు. తర్వాత వెనక్కి తిరగకుండానే చెయ్యి చాపాడు. మా అత్త శ్రుతిపెట్టెను ఆ చేతిలో పెట్టింది. ఆయన దాన్ని హార్మోనియం పక్కన పెట్టి, స్పీకరు చిల్లులను అరచేత్తో మూసి నాలుగు అక్షింతలు చల్లాడు. ఆపైన పసుపు ముద్ద తీసుకుని శ్రుతి గుండీ చుట్టూ పట్టించడం మొదలుపెట్టాడు. మా అత్త వెనకనుంచి వంగి చూసింది.

"ఇంగ రోంత పెట్టండి," అంది. "ఆరితే రాలిపోతాది."